ఫ్రేజల్ వెర్బుల చదువు: జాబితా ఎందుకు చాలదు

పోటీ పరీక్షల కోసం అమ్మే ఏ ఇంగ్లిషు గైడు తెరిచినా ఫ్రేజల్ వెర్బుల అధ్యాయం ఒకే తీరుగా కనిపిస్తుంది. అక్షర క్రమంలో క్రియలు, ఒక్కో క్రియ కింద వరుసగా బ్రేక్ డౌన్, బ్రేక్ ఇన్, బ్రేక్ ఆఫ్, బ్రేక్ అవుట్, బ్రేక్ అప్, ఒక్కోదానికి ఎదురుగా ఒక తెలుగు మాట. విద్యార్థి దీన్ని శ్రద్ధగానే బట్టీపడతాడు. పరీక్షలో సగం మార్కులు తెచ్చుకుంటాడు. తర్వాత ఉద్యోగంలో చేరి, ఫోన్‌లో అవతలి మనిషి ఒప్పందం ‘ఫెల్ త్రూ’ అన్నాడనగానే అది కుదిరిందో చెడిందో తేల్చుకోలేక ఆగిపోతాడు. సరిగా చదవలేదనో, ఇంకా ఎక్కువ బట్టీపట్టాలనో అందరూ అతణ్నే తప్పుపడతారు. నా వాదన వేరు. తప్పు అతని శ్రమలో లేదు, ఆ జాబితా కట్టిన తీరులో ఉంది. ఏవి ముందు నేర్చుకోవాలో, ఒక్కోదానికి ఎన్ని అర్థాలు చాలో, ఏది దేని పక్కన పెట్టి నేర్పకూడదో గత నాలుగు దశాబ్దాల పరిశోధన చాలావరకు తేల్చింది. మన పుస్తకాలూ తరగతులూ ఇంకా దాన్ని అందుకోలేదు.

ఈ కష్టం కొత్తగా పుట్టింది కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే, క్రియ వెనక ఒక చిన్న మాట తగిలించి అర్థాన్ని మార్చే అలవాటు ఇంగ్లిషులో మరీ ఎక్కువని, పరదేశీయులకు అన్నిటికన్నా కష్టమైన చోటు అదేనని గుర్తించాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు. ఆ వెనకే, 1930లో, సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లిష్’ ప్రతిపాదించాడు. అందులో క్రియలు కేవలం 18. మిగతా క్రియల పనంతా గెట్, పుట్, టేక్, గివ్ లాంటి పొట్టి క్రియల పక్కన అప్, ఆఫ్, అవుట్ చేర్చి జరిపించాలన్నది ఆ పథకం. నేర్చుకునేవాడి మీద మాటల బరువు తగ్గిద్దామన్న సదుద్దేశం అది. కానీ ‘గివ్’ వచ్చు, ‘అప్’ వచ్చు, అయినా ‘గివ్ అప్’ రాదు. మాటల సంఖ్య తగ్గింది గానీ అర్థాల సంఖ్య తగ్గలేదు. ఫ్రేజల్ వెర్బుల అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలియని మాట ఎదురైతే పాఠకుడు ఆగి నిఘంటువు తీస్తాడు. ఇక్కడ రెండు మాటలూ ఒకటో తరగతి నుంచి తెలిసినవే కాబట్టి, తనకు అర్థం కాలేదన్న సంగతే అతనికి తట్టదు.

మరి మొత్తం ఎన్ని నేర్చుకోవాలి? కాలిన్స్ కోబిల్డ్ సంస్థ 1989లో తెచ్చిన ఫ్రేజల్ వెర్బుల నిఘంటువులో మూడు వేలకు పైగా ఉన్నాయి. ఆ అంకె చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ భాషలో అన్నీ సమానంగా వాడుకలో ఉండవు. డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ 2007లో వాడుకలోని ఇంగ్లిషును పోగేసిన 10 కోట్ల పదాల భండారమైన బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను గాలించి లెక్క తీశారు. అందులో కనిపించిన మొత్తం ఫ్రేజల్ వెర్బుల్లో సగానికి పైగా కేవలం 20 క్రియలు, 8 పార్టికల్స్ (అప్, అవుట్ లాంటి చిన్న మాటలు) కలయికతో ఏర్పడినవే. విడివిడిగా చూసినా, ఎక్కువగా వాడే మొదటి 100 ఫ్రేజల్ వెర్బులే సగం వాడకానికి సరిపోతున్నాయి. అన్నిటికన్నా ముందున్నది ‘గో ఆన్’. ఆ వెనక క్యారీ అవుట్, సెటప్, పికప్, గో బ్యాక్, కమ్ బ్యాక్, పాయింట్ అవుట్, ఫైండ్ అవుట్ వంటివి వస్తాయి. అంటే మూడు వేల కొండ ఎక్కక్కర్లేదు, వందతో మొదలుపెట్టవచ్చు. అయితే అదే పరిశోధన ఇంకో సంగతీ బయటపెట్టింది. ఆ వందకు కలిపి 559 అర్థాలున్నాయి, ఒక్కోదానికి సగటున అయిదారు. ఒక ఫ్రేజల్ వెర్బుకు ఎదురుగా ఒక్క తెలుగు మాట రాసే గైడు ఇక్కడే దెబ్బతింటుంది.

ఈ రెండో చిక్కును విప్పింది మెలోడీ గార్నియే, నార్బర్ట్ ష్మిట్. వారు 2015లో, ఎక్కువ వాడుకలో ఉన్న 150 ఫ్రేజల్ వెర్బులను తీసుకుని, ఒక్కోటి ఏ అర్థంలో ఎన్నిసార్లు వస్తోందో అమెరికన్ ఇంగ్లిషు కార్పస్‌లో చూశారు. నిఘంటువులు ఇచ్చే అర్థాల్లో చాలావాటిని జనం దాదాపుగా వాడరు. 288 అర్థాలు తెలిస్తే ఆ 150 మాటల వాడకంలో ఎక్కువ భాగం చేతికొస్తుంది. అంటే ఒక్కోదానికి సగటున రెండు అర్థాలు. వారానికి పది అర్థాల చొప్పున తీసుకున్నా ఒక విద్యా సంవత్సరం లోపలే పూర్తవుతుంది. ‘గో ఆన్’నే తీసుకోండి. ‘ఏం జరుగుతోంది’ అని అడిగేటప్పుడు ఒకటి, ‘కొనసాగించు’ అనేటప్పుడు ఒకటి, ఈ రెండూ పట్టుకుంటే రోజువారీ మాటల్లో చాలామటుకు గడిచిపోతుంది. ‘మేకప్’ విషయంలో కొంచెం జాగ్రత్త పడాలి. ముఖానికి పూసుకునేది తెలుగువాళ్లందరికీ తెలుసు కాబట్టి విద్యార్థి ఆ అర్థం దగ్గరే ఆగిపోతాడు. ఇంగ్లిషు వాక్యంలో క్రియగా వచ్చినప్పుడు మాత్రం, ఒక మొత్తంలో ఇంత భాగం అవడం, లేని కథ అల్లడం, తగవుపడ్డవాళ్లు మళ్లీ కలిసిపోవడం వంటివి ముందుకొస్తాయి. ఏ అర్థం ముందు నేర్పాలో తేల్చకుండా అన్నీ ఒకచోట కుమ్మరించడం విద్వత్తు కావచ్చు గానీ బోధన మాత్రం కాదు.

ఇక జాబితా వరుస సంగతి. ఒకే క్రియ కింద అయిదారు కట్టగట్టి ఇస్తే గుర్తుంచుకోవడం సులువని మన నమ్మకం. థామస్ టింకమ్ 1990లలో చేసిన ప్రయోగాలు, అర్థంలో దగ్గరగా ఉండే కొత్త మాటలను ఒకేసారి నేర్పితే అవి ఒకదాన్నొకటి అడ్డుకుని నేర్చుకోవడం నెమ్మదిస్తుందని చూపాయి. ‘పుట్ ఆఫ్, పుట్ ఆన్, పుట్ అవుట్, పుట్ అప్, పుట్ డౌన్’ అన్న వరుసలో పోలిక అర్థంలో కాక రూపంలోనే ఉంది. మొదటి సగం అచ్చంగా ఒకటే, మిగిలిన సగం పొట్టి మాట. వాయిదా వేయడం ఏది, మంట ఆర్పడం ఏది అన్న గందరగోళం ఇక్కడ రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. మన గైడ్లలో అధ్యాయం చివర ఇచ్చే ‘జతపరచండి’ అభ్యాసాలు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచుతాయి. జపాన్ విద్యార్థులతో పనిచేసిన బ్రయన్ స్ట్రాంగ్, ఫ్రాంక్ బూర్స్ 2019లో ఒక పోలిక చేశారు. ముందు ఊహించి ఖాళీ పూరించి తర్వాత జవాబు చూసుకునే పద్ధతికన్నా, ముందు చదివి, తర్వాత మూసిపెట్టి గుర్తుతెచ్చుకునే పద్ధతి బాగా పనిచేసింది. మొదటిసారి చేసిన తప్పు ఊహ, సరైన జవాబు చూశాక కూడా మనసులోంచి పోలేదు. మన తరగతి గదుల్లో ‘ట్రై చేయండి, తప్పయితే దిద్దుతాను’ అనే మంచి ఉద్దేశం ఫ్రేజల్ వెర్బుల విషయంలో బెడిసికొట్టేది ఇందుకే.

మరో సంగతి ఉంది. తెలిసిన ఫ్రేజల్ వెర్బులను కూడా విద్యార్థులు వాడకుండా తప్పించుకుంటారు. డగుట్, లాఫర్ 1985లో హీబ్రూ మాట్లాడే ఇజ్రాయెల్ విద్యార్థుల్లో దీన్ని గమనించి, వాళ్ల భాషలో ఇలాంటి నిర్మాణం లేకపోవడమే కారణమన్నారు. 1989లో హుల్‌స్టైన్, మార్చెనా డచ్ విద్యార్థులను పరీక్షించారు. డచ్‌లో ఇలాంటి క్రియలు బోలెడున్నాయి, అయినా నుడికారపు అర్థం ఉన్నవాటిని వాళ్లూ తప్పించారు. కొన్ని అచ్చం తమ భాషలో లాగే ఉండటంతో, అంత పోలిక నిజమవుతుందా అని అనుమానించి కూడా వదిలేశారు. 2004లో లియావో, ఫుకుయా చైనా విద్యార్థుల్లో చూసినది ఇంకా ఆశాజనకంగా ఉంది. మధ్య స్థాయివాళ్లు తప్పించుకున్నారు, పై స్థాయివాళ్లు అంతగా తప్పించుకోలేదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, మాతృభాషలో ఆ నిర్మాణం ఉండటం, లేకపోవడం ఒక్కటే తేల్చదనీ, భాషతో పరిచయం పెరిగేకొద్దీ జంకు పోతుందనీ అర్థమవుతుంది. ‘మా భాషలో ఇలాంటివి లేవు, మాకెలా వస్తాయి’ అన్న నిరాశకు ఆధారం లేదు.

పైగా తెలుగులో ఇలాంటివి లేవన్న మాటే సరికాదు. నిర్మాణం వేరు గానీ పని ఒకటే. ‘కొట్టు’ అన్న ఒక్క క్రియను చూడండి. పర్సు కొట్టేశాడంటే దొంగిలించాడని, ఆరోపణ కొట్టిపారేశాడంటే లెక్కచేయలేదని, వంతెన కొట్టుకుపోయిందంటే వరదకు పోయిందని అర్థం. వీటిలో ఎక్కడా దెబ్బ లేదు. తెలుగు నేర్చుకునే పరాయివాడికి ఇది ఇంగ్లిషు ‘పుట్’ అంత కష్టమే. మనం మాత్రం ఏ జాబితా బట్టీపట్టకుండా, మాటల మధ్యనే, సందర్భంతో సహా నేర్చుకున్నాం. ఇంకా దగ్గరి పోలిక పని పూర్తయిందని చెప్పే చోట దొరుకుతుంది. తినడం వేరు, తినేయడం వేరు, వాడటం వేరు, వాడేయడం వేరు. ఇంగ్లిషులో ‘ఈట్’కూ ‘ఈట్ అప్’కూ, ‘యూజ్’కూ ‘యూజ్ అప్’కూ ఉన్న తేడా అదే. ‘నిజం బయటపడింది’, ‘లోపాలు బయటపెట్టాడు’ అనే అలవాటున్నవాడికి ‘ఫైండ్ అవుట్’, ‘పాయింట్ అవుట్’ వంటి వాటిలో ‘అవుట్’ ఏం చేస్తోందో ఒక్క మాటలో చెప్పవచ్చు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇంట్లోనే వినిపిస్తుంది. ఫ్యాన్ ఆన్ చెయ్యి, లైటు ఆఫ్ చెయ్యి అంటాం. ఇంగ్లిషు క్రియను వదిలేసి పార్టికల్ ఒక్కదాన్నే తీసుకుని దానికి మన ‘చేయు’ను తగిలించాం. అర్థమంతా ఆ చిన్న మాటలోనే ఉందని తెలుగు వాడుక ఎప్పుడో పట్టేసింది. మన వ్యాకరణ తరగతులు దీన్ని ఉపయోగించుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పార్టికల్‌కు ఒక స్వభావం ఉందన్న ఈ దారిలో పరిశోధన కూడా జరిగింది. సూసన్ లిండ్నర్ 1981లో ‘అప్’, ‘అవుట్’ల మీద చేసిన పని దీనికి పునాది. కోవెచెష్, సాబో 1996లో హంగరీ విద్యార్థులకు ‘అప్’, ‘డౌన్’ వెనక ఉన్న పైకి, కిందికి అనే ఊహను వివరించి నేర్పితే, మామూలుగా నేర్చుకున్నవాళ్లకన్నా వాళ్లు బాగా రాశారు. ధరలు పైకెక్కడం, కోపం దిగడం మనకూ ఉన్నవే కాబట్టి తెలుగు విద్యార్థికి ఇది ఎక్కడో వినని సంగతి కాదు. కానీ ఈ పద్ధతిని మంత్రంలా పట్టుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక అవసరం. బూర్స్ 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఇలా వర్గీకరించి నేర్చుకున్న విద్యార్థులు నేర్చుకున్నవాటిని బాగా గుర్తుంచుకున్నారు గానీ, కొత్త ఫ్రేజల్ వెర్బు ఎదురైనప్పుడు ఆ తెలివిని సొంతంగా వాడుకోలేకపోయారు. అందులో వింతేమీ లేదు. ఇల్లు ‘బర్న్ డౌన్’ అయినా కాలిపోతుంది, కాగితం ‘బర్న్ అప్’ అయినా కాలిపోతుంది. ఫారం నింపడాన్ని బ్రిటన్‌లో ఎక్కువగా ‘ఫిల్ ఇన్’ అంటారు, అమెరికాలో ‘ఫిల్ అవుట్’ అంటారు. ఏది వస్తుందో ‘ఇన్’, ‘అవుట్’ల స్వభావం ముందుగా చెప్పలేదు. కాబట్టి పార్టికల్ వివరణ ముందుగా ఇచ్చే సూత్రం కాకూడదు, ఎదురైన తర్వాత ఇచ్చే వివరణ కావాలి. వాక్యంలో ‘కామ్ డౌన్’ చూసి, అర్థం తెలుసుకుని, ఆ పైన ‘డౌన్ అంటే తగ్గడం కదా, స్లో డౌన్‌లోనూ అంతే’ అని కలుపుకుంటే అది నిలుస్తుంది. ‘డౌన్ అంటే తగ్గడం’ అని బోర్డు మీద రాసి ఇరవై ఉదాహరణలు దించితే మళ్లీ జాబితాకే వచ్చినట్టు.

ఇంత శ్రమ ఎందుకు, ‘పుట్ ఆఫ్’ బదులు ‘పోస్ట్‌పోన్’, ‘పుట్ అప్ విత్’ బదులు ‘టాలరేట్’ అంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నలో న్యాయముంది. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు ఒక్క పదపు క్రియతో పని జరిపించుకోవచ్చు, తప్పేమీ కాదు. కానీ అవతలి మనిషి ఏ మాట వాడతాడో మన చేతిలో లేదు. వైద్యుడు జ్వరం ‘కమ్ డౌన్’ అయిందా అని అడుగుతాడు, తగ్గిందా అనే అర్థంలో. ఆ చోట తప్పించుకునే దారి లేదు. పైగా, ఇవి వాడుక మాటలనీ, గంభీరమైన రచనలో చోటు లేదనీ మన పాఠశాలల్లో పాతుకుపోయిన అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. ఫ్రేజల్ వెర్బులు కథల్లో, సంభాషణల్లో ఎక్కువ, పరిశోధనా రచనల్లో తక్కువ, అంతవరకు సరే. కానీ ‘క్యారీ అవుట్’, ‘పాయింట్ అవుట్’, ‘సెటప్’ లేకుండా శాస్త్రీయ వ్యాసం రాయడం అరుదు. దేన్ని ఎక్కడ వాడొచ్చన్నది మాటమాటకూ మారుతుంది, గంపగుత్తగా ఒక తరగతిని వాడుక భాష అని పక్కకు నెట్టడం విద్యార్థికి చేసే అన్యాయం.

రెండో అభ్యంతరం దీనికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. సినిమాలు, సిరీస్‌లు చూస్తే, పుస్తకాలు చదివితే అవే వచ్చేస్తాయి, తరగతి ఎందుకని. ఇందులోనూ నిజం లేకపోలేదు. గార్నియే, ష్మిట్ 2016లో చిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులను పరీక్షించినప్పుడు, సరదాగా చదివే అలవాటు, సామాజిక మాధ్యమాల్లో ఇంగ్లిషు వాడకం ఉన్నవాళ్లకు ఎక్కువ తెలుసని తేలింది. కానీ అదే పరీక్షలో మొత్తం మీద విద్యార్థులకు తెలిసిన అర్థాలు సుమారు 40 శాతమే. వినడంలో మరో అడ్డు ఉంది. అమెరికన్ నోట ‘చెక్ ఇట్ అవుట్’ మూడు మాటలుగా వినిపించదు, ‘చెకిడౌట్’ అని ఒక్క ముద్దగా వస్తుంది. ముద్రణలో చూసి నేర్చుకున్నవాడి చెవికి అది తెలియని మాటే. నొక్కి పలికే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. ‘గివ్ అప్’లో నొక్కు ‘అప్’ మీద పడుతుంది, ‘లుక్ ఎట్’లో ‘లుక్’ మీద. ‘మేకప్’, ‘చెకప్’ నామవాచకాలైనప్పుడు నొక్కు మొదటి భాగానికి మారుతుంది. తెలుగులో మనం అన్నిటినీ ఒకే తూకంలో పలుకుతాం కాబట్టి ఈ తేడాను ఎవరో ఒకరు చెప్పాల్సిందే. సర్వనామం చోటు కూడా అంతే. ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’ అనవచ్చు, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’ అనవచ్చు, కానీ ‘ఇట్’ వచ్చిందంటే అది మధ్యలోనే కూర్చోవాలి, ‘టర్న్ ఇట్ ఆఫ్’ అని. ‘లుక్ ఆఫ్టర్’ను మాత్రం అలా విడదీయకూడదు. వంద సినిమాలు వింటే తప్ప ఇది దానంతట అది పట్టుబడదు, తరగతిలో పది నిమిషాల్లో పట్టుబడుతుంది.

ఎక్కువమంది ఉపాధ్యాయులు మౌనంగా మోస్తున్న అభ్యంతరం మాత్రం పరీక్ష. ప్రశ్నపత్రం జాబితానే అడుగుతుంది, మేమేం చేస్తామంటారు. వాళ్ల ఇబ్బంది నిజమైనదే. అయితే పోటీ పరీక్షల్లో సాధారణంగా వచ్చే ప్రశ్నను దగ్గరగా చూస్తే, ఒక వాక్యమిచ్చి, ఖాళీ పెట్టి, ఒకే క్రియకు నాలుగు పార్టికల్స్ తగిలించి ఎంచుకోమంటారు. అంటే సరిగ్గా ఆ గందరగోళాన్నే పరీక్షిస్తున్నారు. వరుసగా కట్టగట్టి బట్టీపట్టినవాడు అక్కడే తడబడతాడు. ‘పుట్ ఆఫ్’ను వాయిదాపడ్డ సమావేశంతోనూ, కొన్ని వారాల తర్వాత ‘పుట్ అవుట్’ను అగ్నిమాపక సిబ్బందితోనూ నేర్చుకున్నవాడికి రెండు వాక్యాలు గుర్తొస్తాయి, రెండు అర్థాలు విడివిడిగా నిలుస్తాయి. పాత జాబితాను చింపేయమని నేననను. పరీక్షకు ముందు వారం తిరగేసుకోవడానికి అది పనికొస్తుంది, నేర్చుకోవడానికి మాత్రం కాదు.

చివరగా, మన దేశంలో కొన్ని ఫ్రేజల్ వెర్బులకు వేరే అర్థం స్థిరపడింది. ప్రభుత్వ కార్యాలయంలో ‘ఫైలు పుటప్ చేయండి’ అంటే పై అధికారి ముందు పెట్టమని. ఉద్యోగ దరఖాస్తుల్లో ‘2019 పాసవుట్’ అంటే ఆ ఏడాది డిగ్రీ పూర్తయిందని. బ్రిటిష్ సైనిక శిక్షణలో ‘పాసింగ్ అవుట్ పరేడ్’ ఉన్నట్టే ఇది ఇక్కడ కళాశాలలకు పాకింది. ఇవి తప్పులని విద్యార్థిని మందలించడం నాకు సమ్మతం కాదు, ఇక్కడి మనుషుల మధ్య ఇవి పూర్తిగా అర్థమయ్యే, పనిచేసే మాటలు. అయితే అమెరికాలోనో బ్రిటన్‌లోనో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే, చెప్పినవాడు ఆ ఏడు స్పృహ తప్పి పడిపోయాడని వినేవాడు అనుకునే వీలుంది. ‘కోప్ అప్ విత్’ సంగతి వేరు. ‘క్యాచ్ అప్ విత్’ నుంచి ‘అప్’ దిగిందో ఏమో గానీ, ఇక్కడ ఎంత వినిపించినా ప్రామాణిక ఇంగ్లిషులో దానికి చోటు లేదు, ‘కోప్ విత్’ అంటే చాలు. విదేశాలకు వెళ్లే విద్యార్థి రెజ్యూమేలో ‘పాస్డ్ అవుట్’ తీసి ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాసుకోవాలి, ఇక్కడి మండల కార్యాలయంలో ‘పుటప్’ను అలాగే ఉంచుకోవచ్చు.